మొదటి నాలుగు గడులు

నా డైరీల్లో చెరిపివేత ఎక్కడా ఉండదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పైఅధికారి ఒకావిడ నేర్పిన మొదటి పాఠం అది. రిజిస్టరులో తప్పు రాస్తే బ్లేడుతో గీకకూడదు, మీద మళ్ళీ దిద్దకూడదు. తప్పు మాట మీద ఒకే ఒక గీత గీసి, పక్కన సరైన మాట రాసి, చిన్న సంతకం పెట్టాలి. ముందు ఏమనుకున్నామో, తర్వాత ఏం తెలిసిందో, రేపు చూసేవాళ్ళకు రెండూ కనిపించాలి. ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సుగా ముప్పై ఏళ్ళకు పైగా నింపిన రిజిస్టర్లన్నీ అప్పజెప్పి వచ్చేశాను గానీ, ఆ అలవాటు నాతో పాటు జనగామలోని మా ఇంటికి వచ్చింది. డైరీలు బీరువా కింది అరలో వరుసగా ఉంటాయి. మొదటిది ఎరువుల దుకాణం వాళ్ళు ఊరికే ఇచ్చింది. దాని అట్ట మీద వరికంకి బొమ్మ ఇంకా చెదరలేదు.

ఈ ఏడాది డైరీలో ఒక పుట ఉంది. దాని మీద ఎర్రసిరాతో 'లేదు' అని రాసి ఉంది. ఆ మాట మీద ఒక గీత, పక్కన నా సంతకం. ఆ గీత కథే ఇప్పుడు చెప్పేది.

మాఘమాసంలో ఒక ఉదయం పెద్దవంగర పక్కనున్న తండా నుంచి ఒకావిడ మా ఇంటికి వచ్చింది. నలభై దాటిన మనిషి, బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. వాళ్ళ అమ్మ ఆ తండాకు మంత్రసాని. నేను ఆ వైపు పనిచేసిన పాతికేళ్ళూ ఆ పెద్దావిడా నేనూ కలిసి ఎన్ని పురుళ్ళు పోశామో నా డైరీలకు తెలుసు. మందులకు లొంగని చోట చేతులతో ఏం చేయాలో ఆవిడ నాకు నేర్పింది. నేను ఆవిడకు సబ్బుతో చేతులు కడుక్కోవడం నేర్పాను. ఎవరు ఎక్కువ నేర్పారో అడిగితే నేను తల వంచుకోవాల్సిందే. పోయిన వానాకాలంలో ఆవిడ చనిపోయింది. కబురు అందినప్పుడు నేను జ్వరంతో ఉన్నాను, వెళ్ళలేకపోయాను.

కూతురు మా ముందు గదిలో నేల మీదే కూర్చుంది, కుర్చీ చూపించినా వద్దంది. కొంగుముడి విప్పి ఒక పెన్‌డ్రైవు తీసి నా ముందు పెట్టింది. మెల్లగా విషయం చెప్పింది.

ఆవిడ బిడ్డకు పెళ్ళి కుదిరింది. ఉగాది దాటాక ముహూర్తం. లంబాడా పెళ్ళిలో పిల్ల అత్తవారింటికి బయల్దేరేముందు తల్లినీ తండ్రినీ అన్నదమ్ముల్నీ ఒక్కొక్కరినే కౌగిలించుకుని ఏడుస్తూ పాడుతుంది. ఆ పాటను వాళ్ళు ఢావలో అంటారు. రాగం అందరిదీ ఒకటే అయినా, మాటలు ఏ ఇంటి ముసలమ్మ ఆ ఇంటి పిల్లకు నేర్పాలి. ఆ పిల్ల హన్మకొండలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. సెలవులకు వచ్చినప్పుడు నేర్పుతానని ముసలమ్మ, వచ్చినప్పుడు నేర్చుకుంటానని పిల్ల రెండేళ్ళు గడిపారు. చివరికి ఒకనాడు ముసలమ్మే తన ఫోన్‌లో పాడిపెడతానంది. కూతురు ఫోన్ పట్టుకుని మీట నొక్కితే మొదటినుంచి చివరిదాకా పాడింది. ఆ తర్వాత రెండు నెలలకే పోయింది.

ఫోన్ పెట్టెలో ఉండిపోయింది. పెళ్ళి మాట వచ్చాక బయటికి తీసి చార్జింగ్ పెడితే తెర మీద ఇంగ్లిషులో ఏదో అడిగింది.

"అదెప్పుడు ఏదన్న అడుగుడు, మనం ఓకే ఒత్తుడే గద నర్సమ్మ. ఒత్తిన. మల్ల జూస్తె కార్డు మొత్తం ఖాళీ. ఫోటోలు లెవ్వు, పాట లేదు." కొంగుముడి మళ్ళీ వేసుకుంటూ అంది: "పాడిచ్చింది నేనే, పోగొట్టింది నేనే. బిడ్డకింక చెప్పలే. అమ్మమ్మ పాట ఫోన్‌ల భద్రంగ ఉన్నదనే అనుకుంటున్నది. పండుగ సెలవులకు వచ్చి నేర్చుకుంటనన్నది."

జనగామలో ఫోన్లు బాగుచేసే దుకాణం అతను ఆ మెమరీ కార్డు చూసి, ఖాళీ అయినట్టు కనిపించినా లోపల సరుకు ఇంకా చెదిరిపోలేదని చెప్పి, దొరికినంతా పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇచ్చాడు. దాదాపు రెండు వేల ఫైళ్ళున్నాయనీ, ఏది ఫోటోనో ఏది పాటో తనకూ తెలియదనీ, తీరిక ఉన్నవాళ్ళెవరైనా కూర్చుని చూసుకోవాలనీ అన్నాడు. తీరిక ఉన్న మనిషి అనగానే ఆవిడకు నేను గుర్తొచ్చాను. ఉద్యోగం చివరి ఏళ్ళలో నేను తండా పిల్లల టీకాలన్నీ ట్యాబులో ఎక్కిస్తుంటే చూసింది కదా, కంప్యూటరు నాకు వచ్చనుకుంది.

వచ్చని నేనూ చెప్పలేదు, రాదనీ చెప్పలేదు. పెన్‌డ్రైవు తీసుకున్నాను.

ఆ రోజే మా చెల్లెలి కూతురు ఇచ్చిన పాత ల్యాప్‌టాపులో పెట్టి చూశాను. వరుసగా ఫైళ్ళు, అన్నిటికీ ఒకటే పేరు, పక్కన నాలుగంకెలు, చుక్క తర్వాత అన్నిటికీ ఒకే తోక. ఏ ఒక్కదాన్ని తెరిచినా కంప్యూటరు ఇది ఏ రకమో నాకు తెలియదంది. ఒకే రోజు పుట్టిన రెండు వేల మందికి చేతి చీటీలు ఊడిపోయినట్టుంది.

చెల్లెలి కూతురు భూపాలపల్లిలో ఉంటుంది. కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెబుతుంది. ఫోన్ చేశాను. తన క్లాసు అయ్యాక తీరిగ్గా చెప్పింది. నేను మధ్యలో ఆపి ఆపి డైరీలో రాసుకున్నాను.

"ఫైలు పేరు, చుక్క తర్వాత తోక, అవన్నీ పైనుంచి అంటించిన చీటీలు పెద్దమ్మా. చీటీ చింపితే లోపలి సరుకు మారదు గద. ప్రతి ఫైలు దాని మొదట్లనే నేను ఫలానా అని చెప్పుకుంటది. నువ్వు మొదటి గడులు చదువు, చాలు."

లోపలి అంకెలు చూపించే చిన్న ప్రోగ్రాం ఒకటి పంపింది. దాంట్లో ఫైలు తెరిస్తే బొమ్మ రాదు, పాట రాదు. గళ్ళ కాగితంలా వరుసలు వస్తాయి. ప్రతి గడిలో రెండేసి గుర్తులు. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు, అవి చాలక ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు. అలా ఒక్కో గడి ఒక బైటు. మొదట చూసినప్పుడు తల తిరిగింది. తర్వాత టీకాల రిజిస్టరును తలకిందులుగా పట్టుకున్నా చదవగలిగిన రోజులు గుర్తొచ్చి, ఇదీ అలవాటైపోతుందిలే అనుకున్నాను.

డైరీలో ఒక పుట నిండా గుర్తులు రాసుకున్నాను. FF D8 FF అని మొదలైతే ఫోటో. 89 50 4E 47 అయినా బొమ్మే, ఇంకో రకం. 25 50 44 46 అయితే పీడీఎఫ్ కాగితం. 49 44 33 అయితే దుకాణాల్లో ఎక్కించుకునే పాట. 50 4B అయితే మూట కట్టిన సరుకు. ఆ రెండు గడుల్ని అక్షరాలుగా చదివితే పి, కె వస్తాయి. ఆ మూట కట్టే పద్ధతి కనిపెట్టిన మనిషి పేరులోని అక్షరాలట. 4D 5A అయితే కంప్యూటరును నడిపించే ప్రోగ్రాం. అదీ ఎవరో ఇంజనీరు పేరు అక్షరాలేనట. మేం రిజిస్టరులో చిన్న సంతకం పెట్టినట్టే వాళ్ళూ పెట్టుకున్నారన్నమాట. 7F 45 4C 46 అయితే ఫోన్ లోపలి యంత్రానికి సంబంధించింది. మనిషి గొంతు రికార్డు చేస్తే సాధారణంగా 23 21 41 4D అని మొదలవుతుందని చెప్పింది. ఆ చివరి దాని కింద రెండు గీతలు గీసుకున్నాను.

నా పద్ధతి నాకుంది. డైరీ పుటకు నిలువుగా నాలుగు గడులు గీశాను, ఐదో గడి ఫలితానికి. పుట వెడల్పుకు అంతకంటే పట్టవు. కంప్యూటరులో ఒక్కో వరుసలో పదహారు గడులుంటే చూపు చెదురుతోందని, ఒక అట్టముక్క కత్తిరించి, నాలుగో గడి తర్వాత తెరకు అడ్డంగా రబ్బరు బ్యాండుతో బిగించాను. రిజిస్టరులో వరుస తప్పకుండా స్కేలు పెట్టుకునేవాళ్ళం, అలాగే. టీ తాగాక రోజూ రెండు గంటలు. మొదటి నాలుగు గడులు చదవడం, రాసుకోవడం, తగిన సంచిలో, అంటే ఫోల్డరులో, వేయడం.

మా ఆయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి నాకంటే ముందే రిటైరయ్యారు. ఆ రోజుల్లో వంట ఆయనదే. కూర తరుగుతూ అట్టముక్క కట్టిన తెరను చూసి, "ఏంది నర్సమ్మగారు, ఫైళ్ళకు గూడ టీకాలేస్తున్నరా?" అని అడిగారు. వేశాక ఏడవకుండా చూడమన్నారు. నేను రాసుకోవడం ఆపలేదు.

ఫోటోలకు సరైన తోక తగిలించగానే ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఆ పెద్దావిడకు ఫోటో తీయడం సరిగా రాదు. మేకపిల్లలు, వాటి పక్కన తన బొటనవేలు. మనవరాలి హాస్టల్ గేటు, వంకరగా. నేల. మళ్ళీ నేల. తన ముఖంలో సగం, ఒక కన్ను, చెవి జూకా. ఆ సగం ముఖాల్లో ఆవిడ ఎప్పుడూ కొంచెం ఆశ్చర్యంగా ఉంది, ఫోన్ తనను చూస్తోందని అప్పుడే తెలిసినట్టు. ఒక ఫోటోలో నేనున్నాను. రిటైరైన రోజు తండా ఆడవాళ్ళు నాకు పూలదండ వేసినప్పటిది. అందులో నా తల లేదు, దండ ఉంది. ఆ రోజు ఇంక పని చేయలేదు.

4D 5A తో మొదలైనవి మూడు దొరికాయి. ముసలమ్మ కార్డులో కంప్యూటరు ప్రోగ్రాములకేం పనని అడిగితే, ఎవరో పాటలు ఎక్కించినప్పుడు వాళ్ళ కంప్యూటరు నుంచి అంటుకున్న వైరస్ అయి ఉంటుందనీ, వాటికి తోక తగిలించవద్దనీ, ముట్టుకోవద్దనీ చెల్లెలి కూతురు గట్టిగా చెప్పింది. వాటిని విడిగా పెట్టి, మా భాషలో రాసుకున్నాను: అంటువ్యాధి, వేరు గది.

ఇక మిగిలినవాటిలో ముప్పై ఒకటి ఉన్నాయి. వాటి మొదటి గడులు 00 00 00 అని ఉన్నాయి. నాలుగో గడి ఒక్కోదానికి ఒక్కో రకం, 18 అనీ 1C అనీ 20 అనీ. నా పట్టికలో అలాంటి గుర్తు లేదు. మూడు సున్నాలంటే ఏమీ లేదని అర్థం కాక మరేమిటి? వాటిని 'ఖాళీ' అనే సంచిలో వేశాను.

పన్నెండు రోజుల్లో పట్టిక పూర్తయింది. 23 21 41 4D తో మొదలైంది ఒక్కటీ రాలేదు. మొదటినుంచి రెండోసారి సరిచూశాను. రాలేదు. ఎర్రసిరా కలం తీసి ఆ పుట కింద 'లేదు' అని రాశాను. ఫోన్ చేసి ఆవిడకు చెప్పాను.

అవతల గిన్నెల చప్పుడు వినిపిస్తోంది, బడిలో వంట దగ్గరున్నట్టుంది. కొంచెంసేపు ఆ చప్పుడు కూడా ఆగింది.

"మీరు జూసినంక ఇంకేముంటది నర్సమ్మ," అంది. "మా యాడి గూడ గట్లనే అనేది. నర్సమ్మ జూసి లేదన్నదంటే లేదన్నట్టేనని."

యాడి అంటే వాళ్ళ భాషలో అమ్మ. నాకు ఆ భాషలో నలభై మాటలకు మించి రావు. అన్నీ పురిటి మాటలే: నొప్పి, ఊపిరి, నీళ్ళు, కాసేపు ఓర్చుకో. బిడ్డకు ఎప్పుడు చెబుతావని అడిగాను. సెలవులకు వచ్చినప్పుడు ముఖం చూసే చెబుతానంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు సులువయ్యేది.

పాట దొరకకపోతే పోనీ, ఆ పిల్లకు వాళ్ళ అమ్మమ్మ గురించి నాకు తెలిసింది రాసి ఇద్దామనిపించింది. పాత డైరీలు బయట పెట్టుకున్నాను. పెద్దవంగర రోజులవి తీసి, ఆవిడ ప్రస్తావన ఉన్న చోటల్లా కాగితం ముక్కలు పెడుతూ పోయాను. నేను అక్కడికి వెళ్ళిన రెండో ఏటి డైరీలో ఒక గీత కొట్టిన మాట కనిపించింది.

వానాకాలం, మధ్యాహ్నం. తండాలో తొలిచూలు కాన్పు. మగబిడ్డ పుట్టాడు, ఏడవలేదు. నీలంగా ఉన్నాడు. అరికాళ్ళు తట్టాను, ముక్కు తుడిచాను, గుండె మీద చెవి పెట్టాను. నాకేమీ వినిపించలేదు. అప్పట్లో నాకు తొందరెక్కువ, భయం ఇంకా ఎక్కువ. రిజిస్టరు తెరిచి ఆ గడిలో 'మృతశిశువు' అని రాసేశాను. మంత్రసాని పెద్దావిడ మాత్రం పిల్లవాణ్ణి వదల్లేదు. వేలితో గొంతు శుభ్రం చేసి, తన పైగుడ్డతో వీపు రుద్దుతూనే ఉంది. నన్ను చూడకుండానే మాట్లాడింది. ఆ మాటను ఆ సాయంత్రం ఉన్నదున్నట్టు రాసుకున్నాను:

"జర ఆగు బిడ్డా. కొందరు ఆలస్యంగ మాట్లాడుతరు."

వాడు మాట్లాడాడు. తండా అంతా వినిపించేలా మాట్లాడాడు. రిజిస్టరులో ఆ మాట మీద నేను గీసిన గీత వణికిందని డైరీలో ఉంది. ఇంటికొచ్చి డైరీలోనూ అలాగే రాసి, అలాగే కొట్టేశాను. మర్చిపోకూడదని.

డైరీ అక్కడే తెరిచి పెట్టి ల్యాప్‌టాపు తీశాను. 'ఖాళీ' అని పేరు పెట్టిన సంచి తెరిచాను. మొదటి ఫైలు. మూడు సున్నాలు, 18. తర్వాత అట్టముక్క. ఇన్నాళ్ళుగా అది అలాగే బిగించి ఉంది. రబ్బరు బ్యాండు తీశాను.

ఐదో గడి నుంచి నాలుగు గడులు: 66 74 79 70. రెండోది తెరిచాను, అవే. మూడోది, అవే. ముప్పై ఒకటింటిలోనూ సున్నాలు దాటగానే అవే నాలుగు. ఖాళీగా ఉన్నవన్నీ ఒకే మాట చెప్పవు కదా.

భూపాలపల్లికి ఫోన్ చేశాను. చెల్లెలి కూతురు గడులు చదవమంది. చదివాను.

"తప్పు నాది పెద్దమ్మా, నేను చెప్పలే. నేను పాత ఫోన్‌ల గుర్తు జెప్పిన. ఇప్పటి ఫోన్ల రికార్డింగులు, వీడియోలు గిట్లనే ఉంటయి. మొదటి నాలుగు గడులు ఆ మొదటి ముక్క ఎంత పొడుగుందో చెప్తయి. పేరు ఐదో గడి కాడ మొదలైతది."

తప్పు తనది కాదని చెప్పాను. తను చెప్పకపోయినా తెర మీద ఉంది. అట్టముక్క అడ్డం పెట్టుకున్నది నేను. మా ఆయన వంటింట్లోంచి వచ్చి, ఆ అట్టముక్కను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. బస్సు నడిపేటప్పుడు అద్దానికి ఇట్లాంటిది కట్టుకుని ఉంటే తాను పెన్షన్ దాకా వచ్చేవాణ్ణి కాదన్నారు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

చెల్లెలి కూతురు చెప్పిన తోక ఒక్కొక్కదానికి తగిలించి తెరిచాను. వీడియోలే ఎక్కువ. మేక ఈనడం. ఎవరిదో పుట్టినరోజు కేకు. బడిలో జెండా పండుగ. ఇరవై రెండోదానికి బొమ్మ రాలేదు. నల్లటి తెర, కింద గీత మెల్లగా కదులుతోంది. మొదట గలగలమని చప్పుడు. మోచేతి పైదాకా వేసుకునే తెల్లని గాజులు ఒకదానికొకటి తగిలే చప్పుడు. పురిటి గదిలో ఆవిడ నా వెనకాలకు వచ్చిందని చూడకుండానే నాకు తెలిసేది ఆ చప్పుడుతోనే. ఆ వెంటనే ఆవిడ గొంతు, ఏదో అడుగుతోంది.

అక్కడే ఆపేశాను. అది నేను ముందు వినాల్సింది కాదు.

మర్నాడు పొద్దున్నే వచ్చింది ముసలమ్మ కూతురు. ఏమి దొరికిందో ఫోన్‌లో నేను చెప్పలేదు. ఒకసారి లేదని చెప్పిన నోటితో ఉందని చెప్పడానికి భయమేసింది. అదే పాట అవునో కాదో నా నలభై మాటలతో తేల్చలేను. వచ్చి చూసి వెళ్ళమన్నానంతే. ఈసారి కుర్చీలో కూర్చుంది, అంచు మీద. నేను మీట నొక్కాను.

గాజులు గలగలమన్నాయి. ఇంకా గొంతు రాలేదు. ఆవిడ చెయ్యి అప్పటికే నోటికి అడ్డం వెళ్ళింది. "యాడి," అంది చేతి వెనకనుంచి.

తర్వాత ముసలమ్మ గొంతు అడిగింది. దానికి ఇంకో గొంతు, ఫోన్‌కు దగ్గరగా, కొంచెం విసుగ్గా జవాబిచ్చింది. ఆ రెండో గొంతు ఇప్పుడు నా ముందు కూర్చున్న మనిషిదే. ఏమంటున్నారని అడిగాను.

"యాడి అడుగుతున్నది, ఒత్తినవా అని," కూతురు చెప్పింది. "నేనంటున్న, ఒత్తిన, నువ్వు పాడు, నాకవతల పనున్నదని." అని తన గొంతును తానే చూస్తున్నట్టు ఆ నల్లటి తెరను చూసింది. "గంత తొందరేముండె నర్సమ్మ నాకు?"

నా డైరీ నిండా నా తొందరలే ఉన్నాయి. పాట మొదలైంది. సన్నగా మొదలై, పైకి వెళ్ళి, విరిగి, మళ్ళీ కిందినుంచి ఎత్తుకుంటుంది. మాటలు నాకు తెలియవు, యాడి అన్న మాట తప్ప. మధ్యలో ఒకచోట ఆవిడకు దగ్గు వచ్చింది. ఆగింది. ఎవరో నీళ్ళు తెచ్చిన చప్పుడు, గుటక, గాజులు. మళ్ళీ అందుకుంది. కూతురు మొదటినుంచి చివరిదాకా కళ్ళు మూసుకుని విని, అయిపోయాక ఇంకోసారి పెట్టమంది. మా ఆయన టీ తెచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, మళ్ళీ లోపలికి తీసుకుపోయారు.

ఆ పాటను బిడ్డకు పంపుకునేట్టు ఆవిడ ఫోన్‌లోకి, జాగ్రత్తకు ఇంకో పెన్‌డ్రైవులోకి ఎక్కించాను. పేరేం పెట్టమంటావని అడిగితే, ఆలోచించి, పేరొద్దు నంబరు చాలంది. పేరు చెరిగిపోయినా దొరుకుతుందని ఇప్పుడు తెలిసింది కదా అంది. జరిగిందంతా ఆ సాయంత్రమే బిడ్డకు ఫోన్ చేసి చెప్పిందట. పోవడమూ, దొరకడమూ, రెండూ.

ఆవిడ వెళ్ళాక డైరీ తీసి 'లేదు' అన్న మాట మీద ఒక గీత గీశాను. పక్కన 'ఉంది' అని రాసి సంతకం పెట్టాను. గీత ఈసారి వణకలేదు.

పెళ్ళికి మా ఆయనా నేనూ కొడకండ్ల మీదుగా బస్సులో వెళ్ళాం. డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా ఆయన కాలు కదులుతూనే ఉంది. తండాలో ఎండ మండిపోతోంది. పందిరి కింద మమ్మల్ని ఆడవాళ్ళ మధ్య కూర్చోబెట్టారు. మా ఆయన్ను అవతలికి పంపాలని చూశారు గానీ, నర్సమ్మ మొగుడని వదిలేశారు.

బయల్దేరే వేళకు పిల్ల ముందుగా తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది. చదువుకున్న పిల్ల, పాడుతుందో లేదోనని చుట్టూ ఉన్నవాళ్ళు గుసగుసలాడుతున్నారు. పిల్ల తల్లి భుజం మీద తల ఆనించి అందుకుంది. సన్నగా మొదలై, పైకి వెళ్ళి, విరిగింది. గుసగుసలు ఆగిపోయాయి. నా పక్కనున్న ముసలమ్మ ఒకావిడ నా మోకాలి మీద చెయ్యి వేసింది, తీయలేదు.

పాట మధ్యలో ఒకచోట పిల్ల ఆగింది. మాట మరిచిపోయిందనుకున్నారు కొందరు. నాకు తెలుసు అది ఏ చోటో. ఆ చోట అమ్మమ్మకు దగ్గు వచ్చింది. పిల్ల ఆ పాటను దగ్గుతో సహా, ఆగడంతో సహా నేర్చుకుంది. అమ్మమ్మ ఆగినంతసేపూ ఆగి, ఊపిరి పీల్చుకుంటోంది.

తల్లి ఒక చేత్తో కూతురిని పట్టుకునే, రెండో చెయ్యి వెనక్కి చాచింది. ఎవరో చెంబు అందించారు. తొందరపడకుండా దాన్ని కూతురి నోటి దగ్గర పెట్టింది. పిల్ల ఒక గుటక తాగి, మళ్ళీ అందుకుంది.